జిల్లా అమలాపురంలో, పరిషత్తు కాకినాడలో

మీ ఎమ్మెల్యే ఎవరో మీకు తెలుసు. ఎంపీ పేరు కాస్త తడుముకున్నా చెప్పేస్తారు. మీ మండలం జడ్పీటీసీ సభ్యులెవరు? ఉప్పలగుప్తంలో పుట్టి పెరిగి, పదకొండేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న నాకు ఈమధ్య దాకా తెలీదు. ఒక తూము పుణ్యమా అని తెలిసింది. అదీ మా నాన్న చెబితే.

తూము సంగతేమిటంటే, మా చేనుకి ఒక పక్క పంచాయతీరాజ్ రోడ్డు, రోడ్డుకి అవతల మురుగు డ్రెయిను. చేలో నీళ్లు బోదెలోంచి రోడ్డు కిందున్న తూములో పడి డ్రెయిన్లోకి పోవాలి. తూము పాతది, ఇరుకు, సగం పూడిపోయింది. సార్వా నాట్లయ్యాక నాలుగు రోజులు ముసురు పట్టిందంటే నీళ్లు వెనక్కి ఎక్కి నాట్లు మునుగుతాయి. సముద్రానికి దగ్గరున్న మా ఊళ్లకి ఇదేం కొత్త కాదు. పోటు మీదుంటే డ్రెయిన్లో నీళ్లు ముందుకి కదలవు. గుర్రపుడెక్క పట్టేస్తే పాటులోనూ కదలవు. 2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం అని ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టారు. గిట్టని ధర, దొరకని కూలీలు, దిగని మురుగు, ఇవీ వాళ్లు చెప్పిన కారణాలు. దేశమంతా పేపర్లలో వచ్చింది, మోహన్ కందా కమిటీ వేశారు. 2022లో మళ్లీ కొన్ని మండలాల్లో అదే మాట వినపడింది. మునిగిన నాట్లు అలాగే మునుగుతున్నాయి.

నాన్న అర్జీ పట్టుకుని తిరిగారు. ఒక ఆఫీసులో డ్రెయిను మాది కానీ తూము మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో రోడ్డు మాదే, నీళ్లు మావి కావన్నారు. సోమవారం అర్జీల్లో ఇస్తే ఫోనుకి మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కరించబడింది అని. ఆ రోజు చేలో మోకాలి లోతు నీళ్లున్నాయి. చివరికి ఒక పెద్దమనిషి కాస్త జాలిపడి అసలు మాట చెప్పాడు.

"రోడ్డు పరిషత్తుదండి. పరిషత్తంటే కాకినాడండి, ఆయ్."

"జిల్లా మనకొచ్చేసిందన్నారు కదండీ?"

"జిల్లా వచ్చిందండి. పరిషత్తు రాలేదండి."

నాన్న ఈ సంభాషణ ఫోనులో చెప్పి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మూడేళ్లపాటు "మా కొత్త జిల్లా" అని స్టేటస్‌లు పెట్టినదాన్ని, జిల్లా అంటే ఏమిటో ఒక్కసారీ అడగలేదు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ తర్వాతా గీతలు మారుతున్నాయి, అది వేరే గొడవ. కోనసీమకి అమలాపురంలో కలెక్టరేటు వచ్చింది, ఎస్పీ వచ్చారు, శాఖకొక జిల్లా అధికారి వచ్చారు. కలెక్టరుగారి బోర్డు చూడ్డానికి ఇక కాకినాడ పోనక్కర్లేదు, మంచిదే. ఎన్నికైన జిల్లా పరిషత్తులు మాత్రం పాత 13 పాతచోటే ఉండిపోయాయి. 2021 ఏప్రిల్‌లో ఓట్లు వేయించి, కోర్టు కేసుల తర్వాత సెప్టెంబరులో లెక్కబెట్టి కూర్చోబెట్టిన పరిషత్తులవి. ప్రధాన ప్రతిపక్షం ఆ ఎన్నికల్ని బహిష్కరించింది. నేనూ ఓటుకి ఊరెళ్లలేదు, ఏ సిద్ధాంతమూ లేకుండానే. ఐదేళ్ల గడువు తీరేదాకా పాతవే ఉంటాయన్నారు.

ఫలితం ఏమిటో మ్యాపు మీద చూడండి. పాత తూర్పుగోదావరి జిల్లా పరిషత్తు ఒక్కటే. 2022లో దాని కింద ఊళ్లు నాలుగు జిల్లాల్లోకి పోయాయి: కాకినాడ, కోనసీమ, తూర్పుగోదావరి, రంపచోడవరం వైపు అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇక కొత్త తూర్పుగోదావరి జిల్లాలో కొవ్వూరు, నిడదవోలు వైపు గోదావరికి పడమటి గట్టు ఊళ్లున్నాయి. వాళ్ల పరిషత్తు ఏలూరులో. అంటే రాజమండ్రిలో కూర్చున్న ఒక కలెక్టరుగారు రెండు పరిషత్తులకి జవాబు చెప్పాలి. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కలెక్టరు పరిషత్తు సమావేశాలకి శాశ్వత ఆహ్వానితులు. ఆహ్వానితులు అన్న మాట చూశారా? పెళ్లికి పిలిచిన చుట్టంలాగా. వస్తే సంతోషం, రాకపోతే పనులున్నాయేమో అనుకోవాలి.

రాజ్యాంగం 243బి అధికరణం గ్రామ, మధ్య, జిల్లా స్థాయుల్లో పంచాయతీలుండాలంటుంది. జిల్లా అంటే రాష్ట్రంలోని జిల్లా అని పక్కనే అర్థం కూడా ఇస్తుంది. ప్రతి జిల్లాకీ ప్రణాళికా సంఘం ఉండాలనీ, అందులో ఐదింట నాలుగు వంతుల సభ్యులు ఎన్నికైన వాళ్లయి ఉండాలనీ 243జడ్‌డి చెబుతుంది. జిల్లా ఒక గీత, పరిషత్తు ఇంకో గీత అయితే ఆ ప్రణాళిక ఎవరు రాస్తారు, ఎవరి తూముకి? గడువు తీరేదాకా అన్న మాట చట్టం ముందు నిలబడొచ్చు. కానీ అధికారుల జిల్లాని ఒక్క రోజులో పుట్టించగలిగిన ప్రభుత్వానికి ప్రజల జిల్లా అనేసరికి ఏళ్లు పట్టడం నాకు యాదృచ్ఛికంగా కనపడదు. ప్రభుత్వాలు మారినా ఈ విషయంలో తొందర మాత్రం ఎవరికీ కనపడలేదు. తెలంగాణలోనూ అంతే. 2016 దసరాకి 10 జిల్లాలు 31 అయ్యాయి, కొత్త జిల్లాలకి పరిషత్తులు 2019లో వచ్చాయి. 2024 జులైలో వాటి గడువు తీరింది. వెంటనే ఎన్నికలు పెట్టలేదు, ప్రత్యేకాధికారులొచ్చారు.

ఉప్పలగుప్తం నుంచి కాకినాడ పరిషత్తుకి పోయే దారి చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాసం ఆ దారిలోనే పుట్టింది. ముమ్మిడివరం, ఎదుర్లంక, గోదావరి మీద వంతెన, అవతల యానాం, తాళ్లరేవు, కాకినాడ. మా మండలంలోనే ఇంకో యానాం ఉంది, ఎస్.యానాం, సూరసాని యానాం, బీచికి సంక్రాంతినాడు జనం పోతారే, అది కాదు. ఇది ఫ్రెంచివాళ్లు 1954 దాకా ఉన్న యానాం. 30 చదరపు కిలోమీటర్ల ముక్క, పుదుచ్చేరిలో ఒక జిల్లా. అంటే మా జడ్పీటీసీ సభ్యులు తమ పరిషత్తుకి హాజరవ్వాలంటే ఇంకో కేంద్రపాలిత ప్రాంతంలోని ఇంకో జిల్లా దాటాలి. దారిలో పెట్రోలు చవగ్గా పోయించుకోవచ్చు, అదొక లాభం.

యానాంలో ఫ్రెంచి పాలనలో 1880 నుంచీ మేయరు, మునిసిపల్ సభ ఉండేవి. వలస పాలనని పొగడ్డం నా ఉద్దేశం కాదు, ఆ సభల్లో ఎవరి మాట ఎంత చెల్లిందో ఊహించడం కష్టం కాదు. కానీ స్వతంత్ర భారతంలో పుదుచ్చేరిలో స్థానిక ఎన్నికలు 1968లో జరిగాయి, తర్వాత 2006లో. మధ్య 38 ఏళ్లు. 2011లో ఆ గడువూ తీరింది, మళ్లీ ఏళ్ల తరబడి ఎన్నికల్లేవు. వంతెనకి ఇవతల పరిషత్తు దూరం, అవతల అసలు సభే లేదు. కలెక్టర్లు, అడ్మినిస్ట్రేటర్లు మాత్రం రెండు గట్ల మీదా నిండుగా ఉన్నారు.

ఇంతకీ ఫ్రెంచివాళ్లు వాళ్ల దగ్గరేం చేసుకున్నారు? ఫ్రాన్సులో మన జిల్లాలాంటిది డిపార్ట్‌మెంట్, 1790 నాటిది. దాని మీద 1800లో నెపోలియన్ ప్రీఫెక్టు అనే అధికారిని కూర్చోబెట్టాడు. పారిస్ నుంచి వచ్చేవాడు, అన్నీ ఆయనే. మన కలెక్టరు దొరని తల్చుకోండి, సరిపోతుంది. కొన్ని డిపార్ట్‌మెంట్లు కలిపి పైన రీజియన్ అని ఇంకో అంతస్తు. కరీబియన్‌లోని మార్తినీక్, దక్షిణ అమెరికాలోని గయానా లాంటి చోట్ల తమాషా ఏమిటంటే, రీజియనూ డిపార్ట్‌మెంటూ ఒకే నేల. ఒక చిన్న దీవి, దాని మీద రెండు ఎన్నికైన సభలు, ఇద్దరు అధ్యక్షులు, రెండు బడ్జెట్లు. తూము మాది కాదు అనుకోవడానికి ఎంత సౌకర్యమో. 1982లోనే అక్కడ ఒకే సభ పెడదామని పారిస్‌లో చట్టం చేస్తే రాజ్యాంగ మండలి కొట్టేసింది. 2003 డిసెంబరులో మార్తినీక్ జనాన్ని అడిగితే వెంట్రుకవాసిలో వద్దన్నారు. 2010 జనవరి 10న ఇంకా ఎక్కువ స్వయం పాలన కావాలా అని మార్తినీక్, గయానా రెంటినీ అడిగారు, గట్టిగా వద్దన్నారు. రెండు వారాల్లో, జనవరి 24న, పోనీ రెండు సభల్ని ఒకటి చేద్దామా అని అడిగారు. సరేనన్నారు. 2016 మొదట్నుంచి అక్కడ ఒకే సభ. గ్వాదలూప్ వద్దంది, అక్కడ ఇప్పటికీ రెండూ ఉన్నాయి. ఒకప్పుడు యానాం నుంచి తెలుగు కూలీలు ఓడలెక్కి పోయిన రీయూనియన్ దీవిలోనూ రెండూ ఉన్నాయి.

అక్కడంతా సవ్యంగా జరిగిందనడం లేదు. కోర్సికా 2003లో స్వల్ప తేడాతో వద్దంటే, మళ్లీ అడక్కుండానే 2015 చట్టంతో 2018లో కలిపేశారు. గయానాలో ఒకే సభ వచ్చిన మరుసటేడే, 2017లో, ఆ ప్రాంతమంతా స్తంభించే సమ్మె జరిగింది. రెండు సభల్ని ఒకటి చేస్తే ఆస్పత్రులూ బళ్లూ వాటంతటవే బాగుపడవు. నాకు పనికొచ్చే విషయం ఇంకొంచెం వెనక ఉంది. 1982 మార్చిలో గాస్తోన్ దెఫేర్ అనే మంత్రి తెచ్చిన చట్టంతో ప్రీఫెక్టు చేతిలోని డిపార్ట్‌మెంటు కార్యనిర్వాహక అధికారం ఎన్నికైన సభ అధ్యక్షుడి చేతికి మారింది. ప్రీఫెక్టు ఉన్నాడు, పోలేదు. శాంతిభద్రతలు చూస్తాడు, సభ చేసిన తీర్మానం చట్టవిరుద్ధమైతే కోర్టుకి పోతాడు. కానీ రోడ్డు ఎవరిదంటే ఓటేసిన సభది. ఆ తర్వాతే ఏ సభని ఏ సభలో కలపాలన్న చర్చకి అర్థం వచ్చింది. మనం ఆ మొదటి మెట్టే ఎక్కలేదు. మనకీ నేల మీద రెండు ప్రభుత్వాలున్నాయి, కాకపోతే ఒకటి అధికారులది, ఒకటి మనం ఎన్నుకున్నది. రెండో దాని చేతిలో కీలకమైనదేదీ లేదు, ఇప్పుడు చిరునామా కూడా మనది కాదు.

ఇదంతా ఫ్రాన్సు సంగతి, మన దేశంలో కుదరదు అంటారా? పక్క రాష్ట్రంలో కుదిరింది. కర్ణాటకలో 1983లో చేసిన చట్టంతో, 1987 జనవరి ఎన్నికల తర్వాత, జిల్లా పరిషత్తు అధ్యక్షుడు కార్యనిర్వాహక అధిపతి అయ్యాడు, సహాయమంత్రి హోదాతో. పరిషత్తు ముఖ్య కార్యదర్శిగా వేసిన ఐఏఎస్ అధికారి డిప్యూటీ కమిషనరు కంటే సీనియరు. అభివృద్ధి శాఖలు ఆయన కింద, ఆయన సభ కింద. అబ్దుల్ నజీర్ సాబ్ అనే మంత్రి పట్టుబట్టి చేయించాడు. తర్వాతొచ్చిన ప్రభుత్వాలు దాన్ని నీరుగార్చాయి. అది కుదరక పోయింది కాదు, కుదరనివ్వక పోయింది.

ఇదే ఏడాది మన దగ్గరా ఒక మంచి పని జరిగింది. ఎన్టీఆర్ సమితుల్ని తీసేసి మండలాలు తెచ్చాడు. 1987లో మండల అధ్యక్షుల్నీ జిల్లా పరిషత్తు అధ్యక్షుల్నీ జనమే నేరుగా ఎన్నుకున్నారు. జిల్లా మొత్తం ఓటేసింది. తూర్పుగోదావరిలో అలా అధ్యక్షుడైన యువ లాయరు జి.ఎం.సి. బాలయోగి, కోనసీమ దళితుడు. అక్కణ్ణుంచి 1991లో పార్లమెంటుకి, 1998లో లోక్‌సభ స్పీకరు కుర్చీకి. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. ఇందాక చెప్పిన వంతెనకి ఆయన పేరే. జడ్పీ పదవంటే ముసలి నాయకులకిచ్చే తాయిలం అనుకునే నా తరానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. 1994 చట్టం వచ్చాక అధ్యక్షుణ్ణి జడ్పీటీసీలే ఎన్నుకుంటున్నారు. అంటే క్యాంపులు, బస్సులు, రిసార్టులు.

ఇక్కడ నా స్నేహితురాలొకామె గట్టిగా అడ్డుపడింది. ఆమెదీ కోనసీమే, మాలపేట. "జిల్లాని ఎన్నికైన సభ చేతిలో పెడితే ఏమవుద్ది? ఊళ్లో ఎవరి పెత్తనమో జిల్లాలో వాళ్ల పెత్తనమే. కలెక్టరుకైనా ఒక కాగితం ఇచ్చుకోగలం. పెదకాపుకి ఇచ్చుకోగలమా?" అంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని పాలనకి పునాది చేయాలన్న వాళ్లని ఎందుకు అంతగా విమర్శించాడో ఆమెకి పుస్తకం చదవక్కర్లేకుండా తెలుసు. 2022 మే 24 చూసిన మనిషి. జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టిన రోజది. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు.

ఆమె మాటని తేలిగ్గా కొట్టేసే వాదన నా దగ్గర లేదు. కానీ రెండు విషయాలు అడిగాను. కలెక్టరుకి ఇచ్చిన కాగితం పరిష్కరించబడింది అని మెసేజ్ వస్తే ఆ తర్వాత ఎవర్ని అడుగుతావు? ఓటు వెయ్యనంటావా ఆయనకి? రెండోది రిజర్వేషన్ల లెక్క. 243డి ప్రకారం పరిషత్తు సీట్లూ అధ్యక్ష పదవులూ జనాభా నిష్పత్తిలో ఎస్సీ, ఎస్టీలకి రావాలి, మన రాష్ట్రంలో సగం ఆడవాళ్లవి. 13 పరిషత్తులుంటే 13 కుర్చీలు. 2022 లెక్కన 26 ఉంటే 26. దళితులకి రావలసిన కుర్చీలు కూడా రెట్టింపు. ఎస్సీలు ఇంతమంది ఉన్న కోనసీమలో, ఎంపీ సీటే ఎస్సీ రిజర్వు అయిన చోట, సొంత పరిషత్తంటే ఎవరికి భయం ఉండాలి, ఎవరికి ఆశ ఉండాలి? అంబేద్కర్ పేరున్న జిల్లాకి, ఆయన రాసిన రాజ్యాంగం చెప్పే ఎన్నికైన సభ లేదు. పేరు మీద ఊరు తగలబడినంత గొడవైంది. సభ లేదన్న సంగతి మీద ఒక్క చిన్న రాస్తారోకో జరిగినట్టు నాకు గుర్తు లేదు. పేరు నిలబెట్టిన వాళ్లు కూడా ఆ ప్రశ్న వెయ్యలేదు, నాతో సహా.

ఆమె ఒప్పుకోలేదు. "ముందు సభ రానీ, తర్వాత చూద్దాం" అంది. అది ఒప్పుకోవడమో కాదో తేల్చుకోలేకపోయాను.

ఖర్చెక్కువవుతుందనే వాళ్లకి జవాబు చిన్నదే. కొత్త కలెక్టరేటు భవనాలకి లేని ఖర్చు, అధికారుల బండ్లకి లేని ఖర్చు సభ అనేసరికే ఎందుకు గుర్తొస్తుంది? 2019 అక్టోబరు 2న మా పాత జిల్లాలోని కరపలోనే గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. ఊరూరా కొత్త ఉద్యోగులొచ్చారు, వాళ్లు శాఖలకి జవాబు చెబుతారు, సర్పంచికి కాదు. అంటే కింద ఊళ్లో కూడా అదే జోడు పాలన. పంచాయతీ ఒక గదిలో, సచివాలయం పక్క గదిలో. డబ్బులు ఎప్పుడూ ఉన్నాయి, ఓటు లేని గదికి.

నేను కోరేది విడ్డూరమేమీ కాదు. జిల్లా గీతా పరిషత్తు గీతా ఒకటి కావాలి, కాకినాడ పరిషత్తు గడువు తీరాక ఒక్క రోజు కూడా ప్రత్యేకాధికారి పాలన లేకుండా. రోడ్లు, డ్రెయిన్లు, బళ్లు, ఆస్పత్రులు, వ్యవసాయం చూసే జిల్లా అధికారులు ఆ సభకి జవాబుదారులు కావాలి, సభ అధ్యక్షుడో అధ్యక్షురాలో సంతకం పెడితేనే బడ్జెట్ నడవాలి. ఆ మనిషిని 1987లోలాగా జనమే ఎన్నుకోవాలి. కలెక్టరుగారు భూమి రికార్డులు, ఎన్నికలు, తుఫాన్లు, శాంతిభద్రతలు చూసుకోవచ్చు, అదేం తక్కువ పని కాదు. దళితుల మీద, ఆడవాళ్ల మీద సభ తప్పుడు తీర్మానం చేస్తే అడ్డుకునే అధికారం ఆయనకి ఉండాలి. ఆ ఒక్క షరతూ నా స్నేహితురాలిది, నేను చేర్చుకున్నాను.

ఎమ్మెల్యేలు దీనికి ఒప్పుకోరు, నాకు తెలుసు. తూము వెయ్యించే పని పరిషత్తుదైతే ఎమ్మెల్యే చుట్టూ ఎవరు తిరుగుతారు? పార్టీ ఏదైనా ఈ లెక్క ఒకటే. అందుకే ఈ విషయం ఏ మానిఫెస్టోలోనూ పెద్దక్షరాల్లో కనపడదు.

మా తూము విషయానికొస్తే, పోయిన సార్వాలో నాన్న, పక్క చేలవాళ్లు తలా కొంత వేసుకుని పొక్లెయిను పిలిపించి పూడిక తీయించారు. రోడ్డు అంచు కాస్త దెబ్బతింది. దాని మీద ఎవరో ఫిర్యాదు చేశారు, ఈసారి ఆఫీసు వాళ్లు రెండు రోజుల్లోనే వచ్చారట. అర్జీల రసీదులన్నీ నాన్న ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచారు.

ఈసారి పరిషత్తు ఎన్నికలకి తప్పకుండా ఊరొచ్చి ఓటేస్తానని ఫోనులో చెప్పాను.

"ఏ పరిషత్తుకమ్మా?" అన్నారు.